నయీంనగర్‌లో మా రిపేరు సర్వీసు వెబ్‌సైట్: చూపు లేనివారు తమంతట తామే బుక్ చేసుకోవాలంటే ఏమేమి మార్చాలి?

నయీంనగర్_సర్వీస్

సభ్యులందరికీ నమస్కారం. హనుమకొండ నయీంనగర్‌లో పదకొండేళ్లుగా వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, గీజర్లు ఇంటికే వెళ్లి బాగు చేసే సర్వీసు నడుపుతున్నాను. నాతో పాటు ఐదుగురు మెకానిక్‌లు ఉన్నారు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు ఊళ్లకూ వెళ్తాం; పిలుపు వస్తే హసన్‌పర్తి, పరకాల వరకూ పోతాం. రెండేళ్ల క్రితం ఒక వెబ్‌సైట్ చేయించాను. ఇప్పుడు సగానికి పైగా బుకింగులు దాని ద్వారానే వస్తున్నాయి కాబట్టి అది బాగానే ఉందని అనుకుంటూ వచ్చాను.

గత వారం ఒక పెద్దమనిషి ఫోన్ చేశారు. ఆయనకు చూపు లేదు. మా సైట్‌తో నలభై నిమిషాలు కుస్తీ పట్టి, చివరికి పక్కింటి అబ్బాయిని పిలిచి, ఫోన్ అతని చేతికిచ్చి, వచ్చిన ఓటీపీ కూడా అతనికే చెప్పి బుక్ చేయించుకున్నారట. "బ్యాంకు పని నేనే చేసుకుంటాను, రైలు టికెట్టు నేనే తీసుకుంటాను, మీ దగ్గర మిషన్ బాగు చేయించుకోవడానికి మాత్రం ఇంకొకరి చేతికి నా ఫోన్ ఇవ్వాల్సి వచ్చింది" అన్నారు. ఆయన కోప్పడలేదు, కానీ ఆ మాట ఆ రోజంతా నా మనసులో మెదులుతూనే ఉంది. సైట్ తయారుచేసిన వ్యక్తిని అడిగితే, "అలాంటివారు తక్కువ మంది ఉంటారు, వాళ్లు ఎలాగూ ఫోనే చేస్తారు" అని తేల్చేశాడు. ఆ జవాబుతో నాకు తృప్తి కలగలేదు. నాకు కోడింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముందు ఏది తరువాత చేయాలో తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను. సైట్ చిరునామా నా ప్రొఫైల్‌లో ఉంది.

కాజీపేట_శ్రోత

నమస్కారం. నేను పుట్టుకతోనే చూపు లేనివాడిని, ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. మీకు ఫోన్ చేసిన పెద్దమనిషి నేను కాదు కానీ, ఆయన పడిన అవస్థ ఏమిటో తెలుసుకుందామని ఈ సాయంత్రం మీ సైట్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తోనూ, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏతోనూ తెరిచాను. రెండూ స్క్రీన్ రీడర్లే, అంటే తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించేవి. ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, మాలో చాలామంది అదే వాడతారు. నాకు వినిపించింది వినిపించినట్టు రాస్తున్నాను.

పేజీ తెరవగానే పైన బొమ్మలు మారుతూ ఉండే స్లైడర్ ఉంది. ప్రతి బొమ్మకూ వర్ణన బదులు ఫైలు పేరు, అంటే ఏవో అక్షరాలు, వాటి వెనుక ఒక పొడవాటి అంకెల వరుస వినిపించింది. నాలుగేసి సెకన్లకు బొమ్మ మారినప్పుడల్లా నేను ఎక్కడ ఉన్నానో అది తప్పిపోతుంది. మీ ధరల పట్టిక కూడా బొమ్మే. అందులో గీజర్ సర్వీసుకు ఎంతో, ఫ్రిజ్‌లో గ్యాస్ నింపడానికి ఎంతో మీరు ఎంత శ్రద్ధగా రాశారో నాకు తెలియదు, ఎందుకంటే నాకు అక్కడ "ఇమేజ్" అన్న ఒక్క మాటే వినిపిస్తుంది.

బుకింగ్ ఫారంలో ఐదు గడులు ఉన్నాయి. ఐదూ "ఎడిట్ బాక్స్, ఖాళీ" అనే పలికాయి. పేరు ఏ గడిలో, ఫోన్ నంబరు ఏ గడిలో రాయాలో ఊహించుకోవాలి. క్యాలెండర్‌లో ఒకటి, రెండు, మూడు అని అంకెలే వినిపించాయి. ఏ నెలో, ఏ వారమో, చివరికి నేను ఏ తేదీని ఎంచుకున్నానో కూడా అది చెప్పలేదు. సమయాల దగ్గర "ఉదయం 10" మీద నొక్కాను, ఏమీ జరగలేదు. మా అమ్మాయిని అడిగితే, ఖాళీగా ఉన్న సమయాలు ఆకుపచ్చగా, నిండినవి ఎర్రగా ఉన్నాయని చెప్పింది. రంగు నాకు వినపడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం ఉన్న మగవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు, వాళ్లకూ అది కనపడదు.

ఇంటి నంబరు దగ్గర ఇంకొక వింత ఎదురైంది. మా ఇంటి నంబరులో గీతలూ, చివర ఒక అడ్డగీతా ఉంటాయి. మన హనుమకొండలో, కాజీపేటలో అలాంటి నంబరు లేని ఇల్లు తక్కువ. మీ ఫారం దాన్ని తీసుకోలేదు. తీసుకోలేదన్న సంగతి గడి చుట్టూ ఎర్రగీతతో చూపించిందట. నాకు మాత్రం ఏ మాటా వినిపించలేదు, బటన్ నొక్కుతూనే ఉన్నాను. అది దాటాక బొమ్మలో అక్షరాలు గుర్తించమనే క్యాప్చా వచ్చింది. అక్కడ నా ప్రయాణం ఆగిపోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదా. సైట్ మొత్తాన్ని ఒకేసారి బాగు చేయాలని చూడకండి. నేను మీ సైట్‌కి వచ్చేది ఒకే పని మీద: మిషన్ చెడిపోయింది, ఎంతవుతుందో తెలుసుకోవాలి, ఒక రోజు, ఒక సమయం చెప్పి మెకానిక్‌ను పిలిపించుకోవాలి. ఆ దారిని మొదటి నుంచి చివరి వరకూ, ఎవరినీ పిలవకుండా నేనొక్కడినే నడవగలిగేలా చేయండి. మీ "మా గురించి" పేజీ ఎలా ఉన్నా నాకు పట్టింపు లేదు.

వెబ్_నేత

నేను హనుమకొండలోనే వెబ్‌సైట్లు తయారుచేస్తాను. శ్రోత గారు చెప్పిన ప్రతి ఇబ్బందికీ పరిష్కారం ఉంది, అందులో చాలావరకు కొత్తగా కట్టడం కంటే అనవసరంగా కట్టినవి తీసేయడమే. మీ సైట్ చేసిన వ్యక్తికి చూపించడానికి వీలుగా కొంచెం వివరంగా రాస్తాను.

ముందు గడుల సంగతి. తెరమీద గడి పక్కన "పేరు" అని రాసి ఉంది, కానీ ఆ రాతకూ గడికీ కోడ్‌లో సంబంధం కలపలేదు. లేబుల్ అనే ట్యాగులో ఆ మాట పెట్టి, దానిని గడి ఐడీతో ముడివేస్తే స్క్రీన్ రీడర్ "పేరు, ఎడిట్ బాక్స్" అని చదువుతుంది. కొందరు లేబుల్ తీసేసి గడి లోపలే లేతరంగులో ప్లేస్‌హోల్డర్ రాస్తారు. అది లేబుల్‌కు ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది, మతిమరుపు ఉన్నవారికి అక్కడ ఏం రాయాలో మళ్లీ తెలియదు.

క్యాలెండర్ తీసేయండి. రిపేరు సర్వీసుకు నెల మొత్తం చూపించే క్యాలెండర్ ఎందుకు? ఫ్రిజ్ ఆగిపోయిన మనిషి వచ్చే నెల తేదీ వెతకడు. "ఈరోజు, రేపు, ఎల్లుండి" అని వారం, తేదీతో సహా ఒక మామూలు ఎంపిక జాబితా పెట్టండి. బ్రౌజర్‌లో సహజంగా ఉండే ఎంపిక జాబితాను, రేడియో బటన్‌ను, బటన్‌ను స్క్రీన్ రీడర్లు గుర్తిస్తాయి, కీబోర్డుతోనూ అవి పనిచేస్తాయి. మనం సొంతంగా డివ్‌లతో, అంటే ఏ పనీ తెలియని ఖాళీ పెట్టెలతో, కట్టిన బటన్‌కు ఆ గుణాలన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా నేర్పాలి, నేర్పడం మరచిపోతాం. నిండిపోయిన సమయాలను రంగుతో చూపించే బదులు జాబితాలోంచే తీసేయండి, లేదా పక్కన "నిండింది" అని మాటల్లో రాయండి.

తప్పు దొర్లినప్పుడు ఏ గడిలో ఏం తప్పో ఆ గడి కిందే మాటల్లో రాసి, ఫోకస్‌ను, అంటే టైపు చేసే చోటును, అక్కడికి తీసుకెళ్లాలి. ఇంటి నంబరు విషయంలో అసలు తప్పు వినియోగదారుడిది కాదు, కోడ్‌ది. గీతను, అడ్డగీతను అనుమతించండి. క్యాప్చాకు బదులు మనుషులకు కనపడని ఒక ఖాళీ గడిని ఉంచి, దాన్ని నింపిన రోబోల దరఖాస్తులను పక్కన పడేసే పద్ధతి మీ స్థాయి సైట్‌కు సరిపోతుంది. ఆ గడి స్క్రీన్ రీడర్‌కూ అందకుండా దాచడం మాత్రం మరవొద్దు. ఓటీపీ గడువు మీరు 30 సెకన్లు పెట్టారు, వచ్చిన సందేశాన్ని విని, వెనక్కి వచ్చి, టైపు చేయడానికి అది చాలదు. పది నిమిషాలు ఇవ్వండి, పేస్ట్ చేయడాన్ని అడ్డుకోకండి.

ఇంకొకటి, మన తెలుగు సైట్లలో దాదాపు అందరూ మరచిపోయేది. మీ పేజీ తెలుగులో ఉన్నా, కోడ్ మొదట్లో భాష ఇంగ్లీషు అని ప్రకటించి ఉంది. దాంతో స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతును ఎత్తుకుంటుంది. ఆ గొంతుకు తెలుగు లిపి రాకపోతే వాక్యాలకు వాక్యాలు మింగేస్తుంది. భాష గుణానికి తెలుగు సంకేతం ఇవ్వడం ఒక్క నిమిషం పని.

ప్రమాణం ఏదని ఎవరైనా అడిగితే, ప్రపంచమంతా వాడేది డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవారికీ అందుబాటులో ఉండడానికి రాసిన మార్గదర్శకాలు. దాని 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చింది. అందులో ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయిలు ఉన్నాయి, మనం పట్టుకోవలసింది డబుల్ ఏ. మన దేశంలో ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ వారి ఐఎస్ 17802 కూడా ఉంది, 2021లో మొదటి భాగం, 2022లో రెండో భాగం వచ్చాయి.

స్టేషన్‌రోడ్_వ్యాపారి

అందరి మాటలూ గౌరవంతో చదివాను. నాదీ చిన్న వ్యాపారమే కాబట్టి మనసులో ఉన్నది దాచుకోకుండా అడుగుతున్నాను. నెలకు మూడు వందల బుకింగులు వచ్చే దుకాణానికి చూపు లేనివారి నుంచి వచ్చేవి రెండో మూడో ఉంటాయేమో. వారికోసం ప్రత్యేకంగా ఒక ఫోన్ నంబరు పెట్టి, ఎత్తిన మనిషి ఓపికగా మాట్లాడేలా చూస్తే సరిపోదా? ఉన్న డబ్బంతా సైట్ మీద పెట్టడం అందరికీ సాధ్యమవుతుందా?

కాజీపేట_శ్రోత

వ్యాపారి గారూ, ఫోన్ నంబరు ఉండాల్సిందే, అది నాకు కూడా ఇష్టమే. కానీ మీ మిగతా ఖాతాదారులకు రాత్రి పదకొండింటికి ధర చూసుకునే వీలుంది, ఇద్దరి ముగ్గురి ధరలు పోల్చుకునే వీలుంది, ఎవరికీ చెప్పకుండా మనసు మార్చుకునే వీలుంది. నాకు మాత్రం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు లోపల, ఒక మనిషిని అడిగితేనే అవి తెలుస్తాయి. ఇక పక్కింటి పిల్లవాడి చేతికి ఫోన్ ఇవ్వడం అంటే నా చిరునామా, నా నంబరు, నా ఓటీపీ, ఏ రోజు ఏ వేళకు నా ఇంటికి కొత్త మనిషి వస్తున్నాడన్న సంగతి, అన్నీ ఇవ్వడం. ఆ పిల్లవాడు మంచివాడే. అయినా ఆ అవసరం నాకు ఎందుకు రావాలి?

లెక్క అడిగారు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. ఆ లెక్కలోకి రాని పెద్దవాళ్లు ఇంకెందరో. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, కంటిలో శుక్లాలతో, వణికే వేళ్లతో ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రులు మన సుబేదారిలో, నక్కలగుట్టలో ఏ వీధికి వెళ్లినా కనిపిస్తారు. ఫ్రిజ్ చెడిపోయేది వాళ్ల ఇళ్లలో కూడా.

కోర్టు_దారి

నేను హనుమకొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని చట్టం సంగతి కొంత చెబుతాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండగా ఇందులో 21 రకాలను గుర్తించారు. దీని 46వ సెక్షన్ సేవలు అందించేవారి గురించి మాట్లాడుతూ "ప్రభుత్వమైనా, ప్రైవేటైనా" అని స్పష్టంగా చెబుతుంది, కాబట్టి ఇది కేవలం ప్రభుత్వ కార్యాలయాల బాధ్యత అనుకోవడం పొరపాటు. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి పదివేల రూపాయల వరకు, తరువాత యాభై వేల నుంచి ఐదు లక్షల వరకు జరిమానా పడవచ్చు.

ఇటీవలి రెండు తీర్పులు ముఖ్యమైనవి. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద చేసిన నియమాల్లో, అందుబాటు ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేసిన 15వ నియమం చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరి నియమాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసు వేసినవారు యాసిడ్ దాడి బాధితులు. తెర ముందు కళ్లు ఆర్పమని అడిగే కేవైసీ (ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే) ప్రక్రియను వారు పూర్తి చేయలేకపోయారు. దానితో పాటు చూపు లేని ఒక న్యాయవాది వేసిన పిటిషన్‌ను కూడా కోర్టు కలిపి విన్నది. ఆ తీర్పు బ్యాంకులు, టెలికాం సంస్థల కేవైసీ గురించే అయినా, అందులోని సూత్రం చదివినవారికి గాలి ఎటు వీస్తోందో అర్థమవుతుంది.

పరకాల_అక్క

మా తమ్ముడికి వినపడదు, మాట్లాడలేడు. అందరూ కళ్ల గురించే రాస్తున్నారు కాబట్టి వాడి సంగతి కూడా చెప్పాలనిపించింది. వాడికి సైట్ చదవడంలో ఇబ్బంది లేదు, ఫారం చక్కగా నింపుతాడు. వాడి కష్టం ఆ తరువాత మొదలవుతుంది. ఇలాంటి ఒక సర్వీసులో (ఈ చర్చ మొదలుపెట్టిన అన్నది కాదు, వేరే ఊరిది) రెండుసార్లు బుక్ చేశాడు. మెకానిక్ బయలుదేరే ముందు ఫోన్ చేశాడు, ఎత్తలేదు, బుకింగ్ రద్దు చేశారు. రెండోసారీ అంతే. వాడు రోజంతా పని మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. మూడోసారి నేను సెలవు పెట్టి వాడి ఫోన్ పట్టుకుని కూర్చుంటే తప్ప మిషన్ బాగుపడలేదు.

దయచేసి ఫారంలో "నాకు ఫోన్ చేయవద్దు, మెసేజ్ పంపండి" అని టిక్ పెట్టే వీలు ఇవ్వండి. టిక్ పెట్టిన సంగతి మెకానిక్‌కు కూడా కనిపించాలి, లేకపోతే సైట్‌లో ఉండి ప్రయోజనం లేదు. ఇంటికి వచ్చాక బెల్ కొడితే వాడికి వినపడదు, అందుకే గుమ్మం ముందుకు వచ్చి మెసేజ్ పెట్టాలి. ఇంకొక మాట. వాడి మొదటి భాష సైగల భాష. తెలుగు చదవగలడు కానీ, పెద్ద పెద్ద వాక్యాలు, "సాంకేతిక సమస్య యొక్క స్వభావం" వంటి మాటలు చూస్తే ఆగిపోతాడు. "మిషన్ తిరగడం లేదు", "నీళ్లు కిందికి పోవడం లేదు", "చప్పుడు వస్తోంది" అని రాసి, ఎంచుకోమంటే వాడికీ సులువు, మా అమ్మకూ సులువు.

డీటీపీ_పాతమనిషి

ఇరవై ఏళ్లుగా వరంగల్ చౌరస్తా దగ్గర డీటీపీ, ఫ్లెక్సీల పని చేస్తున్నాను. ధరల పట్టిక బొమ్మగా ఎందుకు ఉందో నేను ఊహించగలను: దాన్ని మాలాంటివాళ్లే తయారుచేసి ఉంటారు. మన ప్రింటింగు ప్రపంచమంతా ఇప్పటికీ అను ఫాంట్ల మీదే నడుస్తోంది. అవి యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ దాని సొంత సంకేతం ఇచ్చే పద్ధతి, కావు. తెరమీద తెలుగు అక్షరం కనిపిస్తుంది కానీ, లోపల దాచి ఉన్నది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు గజిబిజి. ఆ ఫైలునుంచి కాపీ చేసి సైట్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి కాబట్టి, అందరూ దారి లేక బొమ్మగా మార్చి పెట్టేస్తారు. పీడీఎఫ్‌గా పెట్టినా అంతే, స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే చదువుతుంది.

కాబట్టి ధరలను పీడీఎఫ్‌గా కాకుండా సైట్‌లోనే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఫ్లెక్సీ కోసం నా దగ్గరికి వచ్చేవారికి ఇకనుంచి యూనికోడ్‌లో టైపు చేసిన రాత కూడా విడిగా ఇవ్వాలని నేను నిర్ణయించుకున్నాను. ఇన్నేళ్లుగా నేను చేసిన ఆహ్వానాలు, ధరల పట్టికలు, ప్రకటనలు వాట్సాప్‌లో బొమ్మలుగా తిరుగుతూ ఎంతమందికి మూగగా మిగిలిపోయాయో ఈ చర్చ చదివాక గాని నాకు తట్టలేదు.

జమ్మికుంట_విద్యార్థి

నాకు చూపు తక్కువ. స్క్రీన్ రీడర్ వాడను, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతాను. మీ సైట్‌ను ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేయబోతే కాలేదు, ఎవరో జూమ్‌ను ఆపేశారు. దాన్ని తెరవండి. కంప్యూటర్‌లో 200 శాతం చేస్తే మరో ఇబ్బంది వచ్చింది: ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని బటన్ల ఎత్తును బిగించేశారు, దాంతో మన ఒత్తులు కింద, గుడులు పైన తెగిపోతున్నాయి. "రిఫ్రిజిరేటర్" అన్న మాటలో క్రావడి సగం పోయింది. తెలుగుకు వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకంటే ఎక్కువ కావాలి, ఎత్తు బిగించకూడదు.

రంగుల గురించి. మీరు తెలుపు మీద పసుపు అక్షరాలతో "ఈ వారం తగ్గింపు" అని రాశారు. అక్షరానికీ, నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని ప్రమాణం చెబుతుంది, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెలుపు మీద అచ్చమైన పసుపుకు అది 1.07 దగ్గరే ఉంటుంది. మంచి చూపు ఉన్నవారు కూడా ఎండలో బస్టాండు ముందు నిలబడి ఫోన్ చూస్తే అది కనపడదు. తగ్గింపు ఉన్న సంగతి నాకు ఈ చర్చ కోసం వెతికితేనే తెలిసింది.

స్టేషన్‌రోడ్_వ్యాపారి

శ్రోత గారి జవాబు చదివాక నా అభిప్రాయం మార్చుకున్నాను. నా సైట్ కూడా బాగు చేయించాలనుకుంటున్నాను. ఒక కంపెనీ వారు నెలకు కొంత కడితే ఒక్క వరుస కోడ్‌తో సైట్ మొత్తం అందరికీ అందుబాటులోకి వస్తుందని, మూలన వీల్‌చైర్ గుర్తున్న బటన్ ఒకటి పెడతామని చెబుతున్నారు. తీసుకోవచ్చా?

వెబ్_నేత

తీసుకోవద్దు. ఆ బటన్ అక్షరాలు పెద్దవి చేస్తుంది, రంగులు మారుస్తుంది. అవి ఫోన్‌లో ముందే ఉన్న సౌకర్యాలు. లేబుల్ లేని గడికి సరైన పేరు, ధరల బొమ్మలో ఉన్న అంకెలు దానికి తెలియవు, ఊహించి ఏదో చెబుతుంది. అమెరికాలో ఇలాంటి ఉపకరణం అమ్మే యాక్సెసిబీ అనే సంస్థ, తమ సాధనం ఏ సైట్‌నైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తుందని ప్రచారం చేసుకుంటే, ఆ మాటలకు ఆధారం లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు కట్టించింది. ఆ నెలవారీ డబ్బును మీ సైట్ కోడ్ సరిచేసే మనిషికి ఒకసారి ఇవ్వండి.

పరీక్షించడం కూడా మీరే మొదలుపెట్టవచ్చు. మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ మీటలతోనే బుకింగ్ పూర్తవుతుందేమో చూడండి; ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నామో చూపే గీత కనిపించాలి, అందం కోసం దాన్ని తీసేసేవారు ఎక్కువ. వేవ్, యాక్స్ వంటి ఉచిత సాధనాలు కొన్ని తప్పులు పట్టిస్తాయి. బొమ్మకు వర్ణన ఉందో లేదో అవి చెప్పగలవు, ఆ వర్ణనకు అర్థం ఉందో లేదో చెప్పలేవు. అందుకే చివరికి నిజంగా వాడేవారు కూర్చుని చూడాలి, వారి సమయానికి డబ్బు ఇవ్వాలి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను: ఎలక్ట్రీషియన్‌తో ఉచితంగా పని చేయించుకోము కదా.

నయీంనగర్_సర్వీస్

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. సైట్ చేసిన పాత వ్యక్తి ఈ చర్చ అంతా చదివి, తానే చేస్తానని ముందుకు వచ్చాడు, ఐదు రోజుల్లో చాలావరకు పూర్తి చేశాడు. స్లైడర్ పోయింది. ధరల పట్టికను డీటీపీ గారే యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. క్యాలెండర్ స్థానంలో ఈరోజు, రేపు, ఎల్లుండి వచ్చాయి. ఇంటి నంబరులోని గీతలను ఫారం ఇప్పుడు తీసుకుంటోంది. విచిత్రమేమిటంటే, ఈ మార్పుల తరువాత సగంలో వదిలేసి వెళ్లిపోయే బుకింగులు అందరిలోనూ తగ్గాయి. ఇంటి నంబరులోని గీతలను ఫారం తీసుకోకపోవడం వల్లే చాలామంది వెళ్లిపోయేవారని ఇప్పుడు అర్థమవుతోంది. ఇన్నాళ్లూ ధర ఎక్కువనుకుంటున్నారని భావించాను.

"ఫోన్ చేయవద్దు" అన్న టిక్‌ను మెకానిక్‌ల పని జాబితాలో పెద్ద అక్షరాలతో, మొదటి వరుసలోనే పెట్టించాను. ఐదుగురినీ కూర్చోబెట్టి, చూపు లేనివారి ఇంటికి వెళ్తే గుమ్మంలోనే పేరు చెప్పి, బుకింగ్‌లో వచ్చిన నాలుగంకెల సంఖ్యను పైకి చెప్పాలని, ఏ వస్తువునూ దాని చోటు నుంచి కదిలించి వదిలేయకూడదని మాట్లాడుకున్నాం. మా దుకాణానికి మూడు మెట్లు ఉన్నాయి, ర్యాంపు లేదు. ఆ సంగతి దాచకుండా సైట్‌లో రాసి, వీల్‌చైర్‌లో వచ్చేవారు మెసేజ్ పెడితే కిందికి వచ్చి వస్తువు తీసుకుంటామని చేర్చాను. ర్యాంపుకు స్థలం మునిసిపల్ కాలువ మీదికి వస్తోంది, దాని గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

నాకు ఫోన్ చేసిన పెద్దమనిషి దగ్గరికి స్వయంగా వెళ్లి, సమయానికి డబ్బు తీసుకోవాలని ఒప్పించి, సైట్ చూడమని అడిగాను. ఆయన నా ఎదుటే, నేను ఒక్క మాట సాయం చేయకుండా, ఏడు నిమిషాల్లో బుకింగ్ పూర్తి చేశారు. పూర్తయ్యాక "నీళ్లు తాగుతారా?" అని నన్ను అడిగారు, అంతే. నా గొంతు కాసేపు పెగలలేదు.

కాజీపేట_శ్రోత

నిన్న నేను కూడా బుక్ చేశాను, పరీక్షకు కాదు, మా గీజర్ నిజంగానే పాడైంది. ధరలన్నీ విన్నాను, రేపు ఉదయం పది గంటల సమయం ఎంచుకున్నాను. ఇంటి నంబరు తీసుకుంది. పిన్‌కోడ్‌లో ఒక అంకె తప్పు కొట్టాను, వెంటనే "పిన్‌కోడ్‌లో ఆరు అంకెలు ఉండాలి" అని వినిపించి, ఆ గడి దగ్గరికే తీసుకెళ్లింది. ఒక్క లోపం మిగిలింది. బుకింగ్ ఖాయమయ్యాక వాట్సాప్‌లో మీరు పంపేది ఇంకా బొమ్మే. అందులో ఆ నాలుగంకెల సంఖ్య ఉందట. మెకానిక్ గుమ్మంలో ఆ సంఖ్య చెబితే, అది సరైనదో కాదో నాకెలా తెలుస్తుంది?

పరకాల_అక్క

మా తమ్ముడు కూలర్ రిపేరుకు పెట్టాడు అన్నా. మెసేజ్ వచ్చింది, మెకానిక్ వచ్చాడు, పని అయింది. నాకు సాయంత్రం వాడు వీడియో కాల్‌లో చెబితేనే తెలిసింది.

నయీంనగర్_సర్వీస్

శ్రోత గారూ, అది నేను చూసుకోలేదు, క్షమించండి. ఇప్పుడే సైట్ చేసిన మనవాడితో మాట్లాడాను. ఈ రాత్రికే ఆ బొమ్మ తీసేసి, మెకానిక్ పేరు, వచ్చే సమయం, నాలుగంకెల సంఖ్య మామూలు అక్షరాల్లో వెళ్లేలా మారుస్తున్నాడు. మీ రేపటి బుకింగ్ సంఖ్యను ఈలోపే టైపు చేసి మీకు పంపాను, అందిందో లేదో చూడండి.